ఆరో దూది

ఏమిటే ఆ సీసా, ఇటు తే. నా కళ్ళజోడు... నెత్తి మీదే ఉందా? సరే, నువ్వే చదువు, నీ కళ్ళు ఇంకా కొత్తవి. ఏమని రాశారూ? మరువం నూనె. ఊఁ. ఆ కింద సన్నగా ఇంకేదో ఉందే? "చల్లని కొండ వాలులో పండించినది." ఓహోహో! అయితే ఇప్పుడు చీటీ అంటించి మరీ చెప్తున్నారన్నమాట. మా రోజుల్లో చీటీలెక్కడివే తల్లీ, మీ తాతయ్య ముక్కే చీటీ. మూత తియ్యి. నా చేతి మీద ఒక్క చుక్క వెయ్యి, ఒక్కటంటే ఒక్కటే, రెండు వేశావంటే సాయంత్రం దాకా తలపట్టుకుని కూర్చుంటాను. ఊఁ... ఇది కొండ మరువమైతే నేను నిన్న పుట్టిన పాపాయిని. వాము నలిపినట్టు గుప్పున ఎట్లా కొట్టిందో చూశావా? కొండది అట్లా కొట్టదు. కొండది వచ్చి పక్కన కూర్చుంటుంది. ఇది నా మాట కాదులే, మీ తాతయ్య మాట, నాకంత కవిత్వం ఎక్కడిది. నీకు ఆయన గుర్తే లేడు కదూ? నువ్వు పాకుతున్నప్పుడే పోయాడు. మీ అమ్మ ఏం చెప్పిందో ఏమో గానీ, మీ అమ్మకి తండ్రంటే భక్తి, భక్తి ఉన్నవాళ్ళు మనిషి గురించి సరిగ్గా చెప్పలేరు. మరదల్ని, నేను చెప్పాలి. కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు మంచం మీదికి రా.

బావ, అంటే మీ తాతయ్య, మరువం నూనె తీసే బట్టీ షెడ్డులో పనిచేసేవాడు. అప్పటికింకా నాకు బావ కాడులే, ఊరందరికీ "ముక్కాయన". షెడ్డంటే ఏమనుకున్నావు, రేకుల కప్పు, మధ్యలో మనిషి దిగితే మునిగిపోయేంత రాగి కాగు, దాని మూతకి తొండంలా వంగిన గొట్టం, ఆ గొట్టం పోయి పోయి చన్నీళ్ళ తొట్టెలో మునిగి అవతలి పక్క బొట్టుబొట్టుగా కారేది. మరువం మోపులు కాగులో కుక్కి కింద మంట వేస్తారు. ఆవిరి లేస్తుంది, చల్లారితే నీళ్ళు, ఆ నీళ్ళ మీద తేలేదే నూనె. బండెడు మరువానికి రెండు చెంబులొస్తే గొప్ప. ఆ సీజన్లో ఊళ్ళో రొట్టె ముక్కకీ అదే వాసన, బడి పుస్తకాలకీ అదే వాసన, పోస్టులో వెళ్ళిన ఉత్తరాలకి కూడా అదే వాసనట, దూరపు చుట్టాలు రాసేవాళ్ళు. మాకు మాత్రం తెలిసేది కాదు, ఒంటికి పట్టిపోయింది కదా. అన్నట్టు ఆ షెడ్డు యజమాని సంగతి చెప్పలేదు నీకు. ఆయనకి ఏడాది పొడుగునా జలుబు. వాసనల వ్యాపారం చేసే మనిషికి కిరసనాయిలుకీ పన్నీరుకీ తేడా తెలీదు! చేతిరుమాలు ఒకటి ముక్కు దగ్గర, ఇంకోటి ఆరేసి ఉండేది కిటికీకి. "నాకేంటయ్యా, నా ముక్కు అక్కడ నిలబడి ఉంది చూడు" అని బావని చూపించేవాడు. నిజమే మరి, జీతం ఇచ్చి పెట్టుకున్న ముక్కది.

ముక్కుతో అంత అవసరం ఏమిటా? అదే చెప్తున్నా, తొందరపెట్టకు. మరువం పండే చోట్లు రెండు. కొండ మీద మెట్లు మెట్లుగా కొన్ని పొలాలు, కింద రైలు పట్టాల అవతల రాళ్ళ నేలలో కొన్ని. మొక్క ఒక్కటే, విత్తనం ఒక్కటే, నూనె మాత్రం అక్కచెల్లెళ్ళంత వేరు. కొండది మెత్తగా, తియ్యగా ఉండేది, దాన్ని సెంట్ల కంపెనీ వాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకెళ్ళేవాళ్ళు. పైనూనె అనేవాళ్ళు దాన్ని. కిందది ఘాటు, కళ్ళలో నీళ్ళొస్తాయి, అది నొప్పుల మందు చేసేవాళ్ళకి పోయేది. అది కిందనూనె. ఇక చూసుకో, కింద ఆసాములందరికీ ఒకటే పిచ్చి, ఎట్లాగైనా మనది పైది అనిపించుకోవాలని. మోపు గుమ్మం దాటగానే బావ ఒక రెమ్మ తుంచి, వేళ్ళ మధ్య నలిపి, కళ్ళు మూసుకుని ఒక్కసారి పీల్చేవాడు. "పైది, తూర్పు వాలు." "పైదే, మేకల దొడ్డి పక్క చెక్క." "కిందది, రైలు పొగ తిన్నది." అంతే, ఇక దేవుడు దిగొచ్చినా మాట మారదు. ఒకాయన మహా తెలివిగా తన మోపులన్నీ బండికెత్తి, పొద్దున కొండెక్కించి, మధ్యాహ్నానికి కొండ దారిన దింపుకుని, చలి టోపీ కూడా ఒకటి పెట్టుకుని వచ్చాడు. బావ పీల్చాడు. పీల్చి, "పాపం మరువానికి కాళ్ళు పీకుతున్నాయన్నా, కింద పుట్టినదాన్ని ఒక్కపూటలో అంతలా తిప్పుతారా?" అన్నాడు. ఆ టోపీ ఆయన మళ్ళీ పెట్టుకుంటే ఒట్టు. నేనూ ఊరుకునేదాన్నా? పదిహేనేళ్ళ పిల్లని, బుర్ర అరికాల్లో ఉండేది. షెడ్డు ముందు నుంచి పోతూ, "ముక్కాయనా, నేను ఏ వాలులో పండాను?" అని అరిచేదాన్ని. "నువ్వా, నువ్వు రాళ్ళ నేల, ఘాటు" అనేవాడు తల తిప్పకుండా.

ఒకే మొక్కకి ఇన్ని వాసనలేమిటని ఒకసారి నిజంగానే అడిగాను. కాగు తోముతున్నాడు, లోపల్నుంచి గొంతు గంటలా మోగుతోంది. "మొక్కకి నోరు లేదు కదా, వాసనతోనే అరుస్తుంది. కింద ఎండ మాడ్చేస్తుంది, నీళ్ళుండవు, అందుకని అరుపే అరుపు. పైన మబ్బు, చలి, తెల్లారితే ఆకుల మీద తడి. దానికి అరవాల్సిన పనేముంది, తనలో తను గొణుక్కుంటుంది. మనం ఆ అరుపునో ఆ గొణుగుడునో పట్టి సీసాలో పోస్తాం." ఎంత బాగా చెప్పాడో చూడు. చదువు మాత్రం అయిదో తరగతి, అదీ రెండుసార్లు.

సరే, అసలు విషయానికొస్తా. మా నాన్నది కింద పొలం. నాన్నకి కోపం ముక్కు మీదుండేది, దాంతో ఇక వాసనకి అక్కడ చోటు లేదనుకుంటా. ఆయన ఏం చేశాడూ, కొండ మీది తోటల నుంచి అంట్లు తెచ్చి మన రాళ్ళ నేలలో నాటాడు. "కొండ మొక్క నాటితే కొండ నూనె రాక ఏమొస్తుంది, పనసకాయలొస్తాయా?" అని. మొదటి ఏడాది కోత తీసుకెళ్తే బావ నలిపి చూసి, "ఇంకా పుట్టింటి వాసన పోలేదు, సగం సగం" అన్నాడు. నాన్న ఆ రోజు ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాడు, జీవితంలో ఒక్కసారే విన్నాను ఆ ఈల. రెండో ఏడు కొంచెం ఘాటెక్కింది. అయితే లోపం మట్టిలో ఉందని తేల్చుకుని, కొండ నుంచి ఇరవై బండ్ల మట్టి తోలించాడు! ఊరంతా నవ్వింది. అమ్మ, "ఇంక కొండనే తెచ్చి పొలంలో పెట్టించరాదూ, మట్టి ఖర్చు కలిసొస్తుంది" అంది. ఆయన ఊరుకుంటేగా. మూడో ఏడు మోపులు కట్టి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, నన్నూ అక్కనీ వెంటబెట్టుకుని షెడ్డుకెళ్ళాడు.

అక్క అంటే మీ అమ్మమ్మే. ఆవిడ సంగతి నీకు ముందే చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. అప్పుడు అక్కకి ఇరవై. కొండ అంట్ల కోతకి ముందే మా పాత చెక్కల మోపులు రోజూ షెడ్డుకి పోయేవి, దించడానికి వరసలో నిలబడితే సగం రోజు పట్టేది, అందుకని నాన్నకి అక్క క్యారేజీలో భోజనం తీసుకెళ్ళేది. మా వంటింటి వెనక, ఉత్తరం గోడ కింద ఎండ పడని చోట, అక్క పాత నూనె డబ్బాల్లో మరువం పెంచుకునేది, ఒక పది డబ్బాలుంటాయి. అందులోంచి ఒక రెమ్మ తుంచి క్యారేజీ మూత మీద పెట్టేది. తిరిగొచ్చేటప్పటికి ఆ రెమ్మ ఉండేది కాదు. నాన్న మరువం తినడు కదా! నేను రెండు రోజులు చూశాను, మూడో రోజు షెడ్డు వెనక కిటికీ దగ్గర నక్కాను. రెమ్మ బావ చొక్కా జేబులో ఉంది. అక్క మెట్ల మీద కూర్చుని ఊరికే గాజులు లెక్కపెడుతోంది. మాటలు కూడా పెద్దగా లేవే, ఏం ప్రేమో ఏమో, మా ఆయన అయితే నాతో పెళ్ళికి ముందే తగాదా పెట్టుకున్నాడు... సర్లే, అది వేరే కథ. సీజను అయిపోగానే నాన్నని అడగడానికి వస్తానని అక్కతో చెప్పాడట. అక్క ఆ మాట పట్టుకుని రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఇదంతా నాన్నకి తెలీదు. నాకు తెలుసునని వాళ్ళిద్దరికీ తెలీదు. నాకు ఆ కాలమంతా పండగే అనుకో.

ఇక ఆ రోజు. నాన్న మోపు ముందు పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బావ రెమ్మ నలిపాడు. పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు, ఎప్పుడూ రెండోసారి పీల్చడు. "కిందది" అన్నాడు. నాన్న మొహం కందగడ్డ. "ఏం మాట్లాడుతున్నావురా? మొక్క కొండది. మట్టి కొండది. ఇంకేం కావాలి నీకు? కావాలంటే నీళ్ళు కూడా కొండవే బిందెలతో మోయించి పోస్తా!" బావ చాలా నెమ్మదిగా, "మరి ఎండ ఎక్కడిది మామయ్యా?" అన్నాడు. షెడ్డులో ఉన్న ముప్పై మందీ ఒక్కసారి ఘొల్లుమన్నారు. యజమాని నవ్వి, తుమ్మి, మళ్ళీ నవ్వాడు. నాన్న మోపుని ఒక్క తన్ను తన్నాడు. "ఎవడ్రా నీకు మామయ్య?" మరి ఆ మాట నోట్లోంచి ఎందుకు జారిందో బావకీ అక్కకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు, అదొక్కటి నయం. నాన్న అందరి ముందూ తిరిగి, "వీడికి ముక్కూ లేదు, మూతీ లేదు. మోపు ఎవరు తెచ్చారో మొహం చూసి చెప్తున్నాడు, అంతే. రేపు నేను నూనెలో తడిపిన దూదులు పెడతాను. ఏది ఎక్కడిదో, ఎవరిదో చూడకుండా చెప్పమనండి. ఒక్కటి, ఒక్కటి తప్పినా వీడు ఈ మెట్లు దిగి మళ్ళీ ఎక్కకూడదు" అన్నాడు. బావకి కూడా అప్పుడు వయసే కదా. "ఒక్కటి తప్పినా దిగిపోతా" అన్నాడు.

దిగిపోతే ఏమవుతుందో నీకు అర్థమైందా? ముక్కుతో బతికేవాడికి ముక్కు తప్పిందని పేరు పడితే ఆ చుట్టుపక్కల ఏ బట్టీలోనూ నిలబడనివ్వరు. ఊరు వదిలిపోవాలి. ఊరు వదిలాక నాన్నని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? అక్క ఆ సాయంత్రం షెడ్డు వెనక మెట్ల మీద ఆయన్ని నిలబెట్టి కడిగేసింది. నేను కిటికీ కిందే ఉన్నా, ఇంకెక్కడుంటాను. "అబద్ధం చెప్పమని నేను అనలేదు. నలుగురిలో మా నాన్నని నవ్వులపాలు చెయ్యమనీ అనలేదు" అంది. బావ తల దించుకుని, "నవ్వించాలని అనలేదు, ఎండ సంగతి నిజంగానే అడిగాను" అన్నాడు. అట్లాంటివాడు చూడు, అమాయకుడో మొండివాడో తెలీదు. అక్క వెళ్ళిపోతూ, "రేపు ఒక్కటి కూడా తప్పకండి" అంది. అంతే అంది.

ఇప్పుడు నా ఘనకార్యం విను. నాన్న షెడ్డులో మంట వేసే తాతని పిలిచి, అయిదు రకాల నూనెలు అయిదు గిన్నెల్లో దూది తడిపి పెట్టమన్నాడు. కొండ తూర్పు వాలుది, పడమటి వాలుది, మన పొలానిది, రెండూ కలిపినది ఒకటి, పోయినేడాది పాతది ఒకటి. నాకు ఒక ఆలోచన వచ్చింది. అక్క డబ్బాల్లో మరువం కూడా తీసుకెళ్ళి ఒక దూది తడిపి పెడితే, బావ దాన్ని పీల్చగానే మొహం ఎర్రబడుతుంది, అందరూ ఎందుకా అని చూస్తారు, నేను మూల నిలబడి కడుపుబ్బ నవ్వుకోవచ్చు. అంతే నా దూరాలోచన. తెల్లారగానే కత్తెర తీసుకుని పది డబ్బాలూ బోడిగుండు చేసేశాను. గోనెసంచిలో కుక్కుకుని మంట తాత దగ్గరికి పరిగెత్తాను. షెడ్డులో మచ్చు చూడటానికి చిన్న కాగు ఒకటుండేది, మన అన్నం గిన్నెంత. "తాతా, తాతా, ఒక్కసారి" అని బతిమాలి అది బట్టీ పెట్టించా. ముసలాయనకి నాకంటే చిలిపి. "ఎన్ని చుక్కలొచ్చాయో తెలుసా, పదకొండు" అన్నాడు. ఆ పదకొండు చుక్కలతో ఆరో దూది తడిపాం.

మధ్యాహ్నానికి షెడ్డు కిటకిట. గట్టు మీద గిన్నెలు వరసగా ఉన్నాయి. నాన్న చూసి, "అయిదన్నానే, ఆరున్నాయేం?" అన్నాడు. తాత తల గోక్కున్నాడు. నాన్న ఒక్క క్షణం ఆలోచించి, "ఆరైతే ఆరు, ఇంకా మంచిది" అన్నాడు. అక్క క్యారేజీ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది, ఆరు అన్న మాట విని నా వైపు ఒక్క చూపు చూసింది. పొద్దున్నే తన డబ్బాలు చూసుకుని నా జుట్టు పట్టుకుని రెండు వడ్డించింది, ఎందుకు కోశావే అంటే నేను చెప్పలేదు. బావ మొదటి దూది తీశాడు. "పైది, తూర్పు." తాత గిన్నె తిప్పి అడుగున ఉన్న గుర్తు చూపించాడు, సరే. రెండోది, "పైది, పడమర, వాన పడ్డాక కోసింది." మూడోది పీల్చి నాన్న వైపు చూడకుండా, "రాళ్ళ నేల, కొండ అంట్లు" అన్నాడు. నాన్న పెదవి కొరుక్కున్నాడు. నాలుగోది కలిపిందన్నాడు, అయిదోది పాతబడిందన్నాడు. జనం ఒకటే గోల. ఆరోది తీశాడు.

పీల్చాడు. దింపాడు. మళ్ళీ పీల్చాడు. కిటికీ దగ్గరికెళ్ళి బయటి గాలి పీల్చి, వచ్చి మళ్ళీ పీల్చాడు. నేను నవ్వుదామని సిద్ధంగా ఉన్నానే, నవ్వు రావడం లేదు. మొహం ఎర్రబడలేదు, తెల్లబడింది. ఆయన దూది గిన్నెలో పెట్టేసి, "తెలీదు" అన్నాడు.

ఎవ్వరూ నమ్మలేదు. యజమాని అయితే రుమాలు తీసేసి, "ఏమిటీ? ఏమన్నాడూ?" అని పక్కవాణ్ణి గోకుతున్నాడు. నాన్న లేచాడు. అరవలేదు, అది ఇంకా భయం వేసింది. "మెట్లు అటున్నాయి" అన్నాడు. బావ మేకుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. ఒక్కసారి కూడా అక్క వైపు చూడలేదు. చెప్పేద్దామని నోరు తెరుస్తున్నా, మాట రావట్లేదు, నేను! మాట రాకపోవడమంటే ఏమిటో ఆ రోజే తెలిసింది నాకు. ఆయన రెండో మెట్టు దిగాడు. అప్పుడు దబ్బుమని చప్పుడైంది. అక్క క్యారేజీ నేలకేసి కొట్టినట్టు పెట్టింది. "ఆగండి. ఆయనకి తెలుసు."

ఆయనట! జనం తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. అక్క గుమ్మం మధ్యలోకి వచ్చి నాన్న ఎదురుగా నిలబడింది. "ఆ దూది నా మరువం, నాన్నా. మన వంటింటి వెనక డబ్బాల్లోది. పొద్దున ఇది కోసుకొచ్చింది, అడుగు దీన్ని." నేను మోపుల వెనక దూరాను. "ఈ సీజనంతా రోజూ ఒక రెమ్మ ఆయన జేబులో ఉంటోంది. దాని పేరు చెప్తే నా పేరు బయటికొస్తుందని నోరు కట్టుకున్నారు. ముక్కు పోగొట్టుకున్నా సరే అనుకున్నారు." మంట తాత అవునవునని తలాడించాడు. నాన్న బావ దగ్గరికెళ్ళి చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. వాడిన రెమ్మ ఒకటి వచ్చింది. దాన్ని పీల్చాడు, గిన్నెలో దూది పీల్చాడు. "ఒకటేలా లేదే?" అన్నాడు. అక్క వెంటనే, "నీ ముక్కుకి మన రాళ్ళ నేల కూడా కొండలా ఉంటుంది, నీకేం తెలుస్తుంది" అంది. మళ్ళీ ఘొల్లుమన్నారు జనం. ఈసారి నాన్న కూడా మూతి బిగబట్టుకున్నాడు, నవ్వు ఆపుకోవడానికే. మోపు మీద కూర్చుండిపోయాడు. చొక్కా చేతితో మొహం తుడుచుకుని, "ఒరే, నా పొలం నిజంగా కిందదేనా?" అని అడిగాడు. బావ మెట్టెక్కి వచ్చి, "కిందదే మామయ్యా. కానీ కింద అంత శుభ్రమైన ఘాటు ఇంకెవరి పొలంలోనూ లేదు. నొప్పుల మందు వాళ్ళకి అది దొరికితే వదలరు" అన్నాడు. అట్లాగే అయింది కూడా. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నాన్న ఎవరికి మోకాలు నొప్పన్నా, "అందులో ఉన్నది మనదే" అని సీసా చూపించి చంపేవాడు. పెళ్ళి ఆ వేసవిలోనే. నా జుట్టు మాత్రం అక్క ఇంకో రెండుసార్లు పట్టుకుంది, అది వేరే.

అయిపోలేదు, ఉండు. మీ అమ్మకి తెలిసిందంతా ఇంతవరకే. అక్క ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. కొత్తగా ఎవరు ఇంటికొచ్చినా, "నా కోసం ఈయన ముక్కు పోగొట్టుకోబోయాడు తెలుసా" అనేది, బావ పక్కనే కూర్చుని పేపరు అడ్డం పెట్టుకునేవాడు. సిగ్గనుకున్నాం. ఆయన పనిలోంచి దిగిపోయాక ఒకరోజు, ఇదే ఇంట్లో, ఆ గుమ్మం దగ్గర కూర్చుని పాత చెప్పుకి మేకు కొడుతున్నాడు. నేనేదో అలవాటుగా, "బావా, నువ్వు జీవితంలో ఒక్క అబద్ధమే ఆడావు, అదీ ఎంత అందంగా ఆడావు" అన్నాను. సుత్తి ఆగిపోయింది. అటూ ఇటూ చూశాడు, అక్క లోపలుందేమోనని. "నీకొక్కదానికే చెప్తున్నా మరదలా. నాకు నిజంగానే తెలీలేదు." "అదేం మాట బావా?" అన్నాను. "ఆకుగా తెలుసు. చీకట్లో పెట్టినా చెప్పేవాణ్ణి. కానీ ఆకు వేరు, నూనె వేరు. కాగులో పడి ఆవిరై వచ్చాక దాని మొహమే మారిపోయింది. కొండ కాదు, రాయి కాదు. ఎండ పడని గోడ, వంటింటి పొగ, గిన్నెలు కడిగిన నీళ్ళు... అట్లాంటి చోట పండినదాన్ని ఎవడైనా బట్టీ పెడతాడా? ఆ నూనె ప్రపంచంలో ఒక్కసారే పుట్టింది, పదకొండు చుక్కలు. నేను ముందెక్కడా చూడలేదు. మెట్లు దిగింది ఓడిపోయే దిగానే." తర్వాత చెప్పు వైపు చూస్తూ, "మీ అక్కకి చెప్పకు. పాపం అంత గొప్పగా చెప్పుకుంటుంది" అన్నాడు.

చెప్పలేదే! నేను! కడుపులో మాట పదినిమిషాలు నిలవని దాన్ని, ఏళ్ళ తరబడి మోశాను. అక్క ఆ కథ మొదలెట్టినప్పుడల్లా బావ పేపరు అడ్డం పెట్టుకునేవాడు, నేను వంటింట్లోకి పారిపోయేదాన్ని. ఆయన పోయాక కూడా చెప్పలేదు. ఒక ఏడాది గడిచాక అక్కా నేనూ ఆయన చొక్కాలు మడతపెడుతున్నాం, ఎవరికైనా ఇచ్చేద్దామని. అక్క మళ్ళీ ఆ కథే ఎత్తుకుంది. నాకు ఇంక ఆగలేదు. "అక్కా, ఆ రోజు బావకి..." అన్నానో లేదో, "తెలీలేదు. నాకు తెలుసు" అంది. చొక్కా మడతపెడుతూనే ఉంది. "ఆయన ఎదురుగా నిలబడ్డది నేనే కదే. తెలిసి దాచేవాడి మొహమా అది? పరీక్షలో లెక్క రాని పిల్లాడి మొహం. మెట్లు దిగిపోతున్నాడు, ఇంకేం చెయ్యమంటావు నన్ను? నాకు తోచిన అబద్ధం నేనాడాను." అంతమందిలో, నాన్న ఎదురుగా, రెప్ప కొట్టకుండా ఎట్లా ఆడిందే ఆ మాట! "మరి బావకి ఎప్పుడైనా చెప్పావా, నీకు తెలుసునని?" అన్నాను. అక్క నన్ను ఒక వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "ఎందుకు చెప్పాలి? నన్ను మోసం చేశానన్న భయంతో నలభై ఏళ్ళు నా మాట జవదాటలేదు."

అనేసి ఆ చొక్కా మాత్రం ఎవరికీ ఇవ్వకుండా తన పెట్టెలో పెట్టుకుంది. నేను చూడనట్టు అటు తిరిగాను...

...ఏమిటీ? లేదు, ఏం లేదు, ఆ సీసా ఘాటుకి కళ్ళలో నీళ్ళు. నీ టీ చల్లారిపోయింది, మళ్ళీ వేడి చేసి తెచ్చుకో. పంచదార డబ్బా పై అరలో ఉంది.